సంతలో మా అన్న దవడ

మా అన్నకు ఎడమవైపు కింది దవడలో ఒక పన్ను పుచ్చింది. మా ఊళ్లో అది వార్త కాదు. మాచర్లకు నాలుగు మైళ్ల దూరంలో, నాపరాళ్ల మధ్య ఇరుక్కున్న పల్లె మాది. బావుల్లో సున్నం కలిపినట్టుండే నీళ్లు, నోళ్లలో పొగాకు కాడలు. ఆ నీళ్లు తాగి పెరిగిన పళ్ల మీద గోధుమరంగు చారలు పుట్టుమచ్చల్లా శాశ్వతంగా ఉండిపోయేవి. తెల్లటి పలువరస ఎవరికైనా ఉంటే వాళ్లు మా ఊరివాళ్లు కాదని చుట్టాలకు చెప్పేవాళ్లం. పన్ను పుచ్చితే లవంగం నొక్కుకుంటారు, అదీ కుదరకపోతే తిట్టుకుంటారు, అది రాలిపోయేదాకా ఓపిక పడతారు. మా నాయన పళ్లు అలాగే ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి.

మా అన్నకు ఓపిక పట్టే వ్యవధి లేదు. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు అది. మిలిటరీలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని, ఇంకో పన్నెండు రోజుల్లో నరసరావుపేటలో సెలక్షన్ అని కబురొచ్చింది. మిలిటరీ వయసు దాటడానికి వాడికి నాలుగు నెలలే మిగిలింది. ఈసారి పోతే మళ్లీ వాడి వంక చూసేవాళ్లు లేరు. రెండేళ్లుగా రోజూ తెల్లారి రైలుకట్ట వెంట పరుగెత్తుతున్నాడు, బావిగట్టు రాయిని ఎత్తి దింపుతున్నాడు. అద్దం ముందు సెల్యూట్ కొట్టడం నేనే స్వయంగా చూశాను. చూసి ఊరంతా చెప్పాను కూడా. నేను అప్పుడు పి.యు.సి. తప్పి ఇంట్లో ఉన్నాను. లెక్కలు నన్ను వద్దన్నాయి, నేను లెక్కల్ని వద్దన్నాను, ఇద్దరం గౌరవంగా విడిపోయాం. ఊళ్లో నా పని, ఎక్కడ నలుగురు గంభీరంగా మాట్లాడుకుంటుంటే అక్కడికెళ్లి ఒక మాట అనడం.

ఊళ్లో మిలిటరీ సంగతులు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. పెన్షన్ తెచ్చుకుంటున్న మాజీ సిపాయి. వరస ఏదీ లేకపోయినా అందరం మామా అనేవాళ్లం. ఆయన యుద్ధంలో వంటశాలలో ఉన్నాడు. శత్రువును చూశాడో లేదో తెలియదు గాని ఉల్లిపాయల్ని మాత్రం దగ్గరగా చూశాడు. మా అన్న ఆయన ముందు నోరు తెరిచి నిలబడ్డాడు. ఆయన బీడీ పక్కన పెట్టి, లోపలికి తొంగి చూసి, తల అడ్డంగా ఊపాడు.

“ఈ పుచ్చు పన్ను చూశారంటే గేటు కాడ్నించే తోలేత్తారు. గుర్రాన్ని కొనేటప్పుడు ఏం చూత్తారు? పళ్లే గదా. సిపాయిని గూడా అంతే.”

“మరెట్టా మామా?”

“పీకించెయ్యి. పుచ్చు ఉంటే రోగం. పన్నే లేదనుకో, లేనిదానికి రోగమేందిరా?”

“మామా, నాకు అప్పుడప్పుడు తలకాయ నొప్పి. ఏం చెయ్యమంటావు?” అన్నాను నేను.

“నువ్వు నోర్ముయ్. నీ తలకాయ ఎవురికీ పనికిరాదు” అన్నాడు మామ.

నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో మామ చెప్పిన మాట శాసనమైపోయింది. పుచ్చిన పన్ను ఉంటే తీసుకోరు, పన్ను లేకపోతే తీసుకుంటారు. ఇది తప్పు అని చెప్పగలిగినవాడు మా ఊళ్లో ఎవడూ లేడు. నాతో సహా. మా అమ్మ మాత్రం, “ప్రభువిచ్చిన పన్ను, పెద్దాసుపత్రిలో పీకించుకోరా” అంది. ఆసుపత్రికి రైలెక్కి పోవాలి, పొద్దంతా కూర్చోవాలి. సంత ఎల్లుండే ఉంది, నడిచిపోవచ్చు. సంతలో పళ్లు పీకేవాడున్నాడు. మా వంశంలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తోడుగా నన్ను పంపారు.

ఆ పళ్లు పీకేవాణ్ణి నేను ముందు వాసనతోనే గుర్తుపట్టాను. ఎండుచేపల వరస దాటాక ఇంకో వాసన మొదలైంది. కాలిన గింజలు, కర్పూరం, పాత నెత్తురు. వాడు గోతంపట్టా పరిచి, దాని వెనక రెండు గడకర్రల మధ్య ఒక గుడ్డ కట్టాడు. గుడ్డ మీద తలుపంత నోరు గీసి ఉంది. ఎర్రటి చిగుళ్లు, వాటిలో మేకలంత పురుగులు. వాడి మెడలో దండ, మనుషుల దవడపళ్లు గుచ్చిన దండ. మాట్లాడుతుంటే అవి టకటకమని కొట్టుకునేవి. ముందు ఒక పళ్లెం నిండా ఇంకా పళ్లు. కొన్నిటికి ఎండిన కండ ఇంకా అంటుకునే ఉంది. దాని మీద ఈగలు దిగుతున్నాయి, లేస్తున్నాయి, అవే ఈగలు పక్కన బెల్లం బండి మీదికి పోతున్నాయి. ఆ రోజు నుంచి సంత బెల్లం నేను ముట్టలేదు.

పటకారు ఒకటే. ముందొకడి నోట్లోంచి తీసి, లుంగీకి తుడిచి, తరవాతివాడి నోట్లో పెట్టేవాడు. లుంగీ ఏ రంగుదో చెప్పడం కష్టం. మొదట్లో ఏదో ఒక రంగు ఉండి ఉంటుంది.

వాడి పెళ్లాం పక్కన కూర్చుని డప్పు పట్టుకుంది. నోరు తెరిచినవాడు అరిచే సమయానికి ఆమె డప్పు వాయించేది. ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా. దూరం నుంచి వినేవాడికి ఇక్కడేదో పండగ జరుగుతున్నట్టు ఉంటుంది. అందుకే జనం మూగేవాళ్లు. వాడు ఎదుటి మనిషిని ముందు ఒక్కటే అడిగేవాడు, “ఏ దేవుడు సామీ నీకు?” అని. సాయిబు వస్తే అల్లా పేరు, మావాళ్లొస్తే ఏసు పేరు, మిగిలినవాళ్లకు చెన్నకేశవుడు. ఆ పటకారు అన్ని మతాల చిగుళ్లనూ ఒకే తీరుగా చూసేది.

మాకు ముందు ఒక ముసలమ్మ కూర్చుంది. ఆమెకు పురుగులు తీశాడు. నిప్పుల మీద కంచెల్లో పెరిగే వాకుడు గింజలు వేసి, పొగ లేవగానే పైన మట్టి గరాటు బోర్లించి, గరాటు కొస ఆమె నోట్లో పెట్టాడు. పొగకు ఆమె కళ్లవెంట, ముక్కువెంట, నోటివెంట, దారి దొరికిన ప్రతిచోటి నుంచీ నీళ్లు కారాయి. ఆ కారిందంతా ఒక నీళ్ల గిన్నెలోకి పట్టాడు. తరవాత గింజల బూడిద కూడా అదే గిన్నెలోకి వంచి, అందరికీ చూపించాడు. నీళ్ల మీద జిగట తేలుతోంది. జిగటలో సన్నటి తెల్లటి వంకర పోగులు, బియ్యపు పురుగుల్లా.

“చూడండయ్యా! ఎన్నేళ్ల నుంచి కాపరం పెట్టినయ్యో!”

జనం ముందుకు వంగారు. నా పక్కనున్న రైతు గిన్నెలో వేలు పెట్టి ఒక పురుగును లాగి చూసి, ఆ వేలు తలపాగాకు రాసుకుని, జేబులోంచి తమలపాకు తీసి నమలడం మొదలుపెట్టాడు.  

తరవాత మా అన్న కూర్చున్నాడు.

“ఏ దేవుడు?”

“ఏసు.”

“ఏం పని?”

“మిలిటరీకి పోతన్నా.”

వాడి మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి, సంత అంతటికీ వినపడేట్టు, “మిలిటరీ బిడ్డ! దేశం కోసం పన్నిత్తండాడు! చూడండి!” అన్నాడు. పక్క వరసలో గాజులు అమ్మేవాడితో సహా అందరూ వచ్చేశారు. మా అన్న ఛాతీ ఇంకో అంగుళం పెరిగింది. వాడు మా అన్న తలను తన రెండు మోకాళ్ల మధ్య నొక్కిపట్టాడు. నోట్లోకి వేలు పెట్టి వెతుకుతున్నాడే గాని కళ్లు మాత్రం జనం మీదే ఉన్నాయి. పటకారు దిగింది. డప్పు లేచింది. మెడ తిప్పి, మణికట్టు తిప్పి, కొబ్బరిపీచు లాగినట్టు లాగాడు. ఒక చప్పుడు. అది మీకు చెప్పలేను. పచ్చి కర్రను తడి గుడ్డలో పెట్టి విరిచినట్టు.

వాడు పన్ను పైకెత్తాడు. మా ఊరి చారలు తప్ప దానికి ఏ లోపమూ లేదు. ఒక్క నల్లచుక్క లేదు. రెండు వేర్లూ పక్కపక్కనే బలంగా, దాని చివర చిన్న ఎర్రటి కండముక్క.

మా అన్న నెత్తురు ఉమ్మి, “ఇది గాదు... పక్కది” అన్నాడు.

“పైకి మంచిగ కనపడేదే మోసం సామీ. పురుగు లోపలుంటది. ఇప్పుడు అసల్ది తీత్తా.”

మా అన్న లేచాడు. లేచి నిలబడ్డాడు. గడ్డం మీద నుంచి నెత్తురు చొక్కా మీదికి కారుతోంది. “నాకొద్దు. పోదాం పారా” అన్నాడు నాతో. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. అప్పుడు డప్పు కూడా లేదు.

కాని చుట్టూ వందమంది ఉన్నారు. అందరూ ఏమవుతుందో అని ఊపిరి బిగబట్టి ఉన్నారు. అంత గంభీరమైన నిశ్శబ్దం దొరికితే నేను ఊరుకోలేను. అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

“చైనావోడు అనవసరంగా తుపాకులు మోసుకొచ్చాడు. ఒక్క పటకారు చూపిత్తే చాలు, మావోడు ఢిల్లీ దాకా ఎనక్కి పరిగెత్తేవోడు” అన్నాను.

సంత పగిలిపోయింది. గాజులవాడు గాజుల పెట్టె కింద పెట్టి మరీ నవ్వాడు. డప్పు పట్టుకున్న ఆమె కూడా నవ్వింది. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో అంతమంది నవ్వింది అదొక్కటే. పళ్లు పీకేవాడు నా వంక కృతజ్ఞతగా చూశాడు. మా అన్న కూడా నా వంక చూశాడు. తరవాత తిరిగి గోతంపట్టా మీద కూర్చున్నాడు. నోరు తెరిచాడు.

రెండోది కూడా మంచి పన్నే. మూడోసారికి పుచ్చుది దొరికింది గాని, అది పటకారు మధ్య పటుక్కున విరిగింది. పైముక్క వచ్చింది, వేరు లోపలే ఉండిపోయింది. “అయిపోయింది, ఇక నొప్పి రాదు” అని వాడు ఒక డబ్బాలోంచి నల్లటి పొడి తీసి బొటనవేలితో గుంటల్లో కూరాడు. అదే బొటనవేలితో అంతకు ముందు కాలి గోరు గోక్కోవడం నేను చూశాను. మా అన్న రెండు మంచి పళ్లూ పళ్లెంలోకి పోయాయి. కాసేపట్లో దండలో ఎక్కుతాయి. వచ్చేవారం వాటినే ఎవరి నోట్లోంచో వచ్చిన పురుగుపళ్లని జనానికి చూపిస్తాడు.

ఇంటికి నడిచేటప్పుడు మా అన్న మాట్లాడలేదు. నోట్లో పొడి కూరి ఉంది కాబట్టి అనుకున్నాను. మా అమ్మతో మాత్రం వేలు ఎత్తి, ఒక్కటి పీకాడు అని సైగ చేశాడు. ఒక్కటి. నేను దిద్దలేదు.

మూడో రోజుకు మొహం ఒకవైపు గుమ్మడికాయ అయింది. ఎడమ కన్ను మూతపడింది. చెంప మీద చర్మం నూనె రాసినట్టు మెరుస్తోంది. నోట్లోంచి వచ్చే వాసనకు మా కుక్క కూడా వాకిట్లోంచి లేచి వెళ్లిపోయింది. మామ వచ్చి చూసి, “వాపు మంచిదే, చెడంతా బయటికొత్తంది” అని బీడీ ముట్టించాడు. మా అమ్మ వేపాకు కట్టు కట్టింది, ప్రార్థన చేసింది, గంజి తాగించింది. గంజి సగం నోట్లోకి పోయేది, సగం నల్లటి పొడితో, చీముతో కలిసి తిరిగి వచ్చేది. ఆ గుడ్డలు ఉతికే పని నాకు పడింది. అడగకుండా నేనే తీసుకున్నాను. దాన్ని త్యాగం అనకండి. మా అమ్మ ఉతికితే లోపల ఎన్ని గుంటల నెత్తురుందో లెక్కగట్టేస్తుందని భయం.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నాకు కోపం వచ్చి, కంచె పక్కనుంచి వాకుడు కాయలు కోసుకొచ్చాను. గింజలు తీసి నిప్పుల మీద వేశాను. గరాటు బోర్లించాను. గరాటు కొస ఎవరి నోట్లోనూ పెట్టలేదు, ఖాళీ గాలిలోకి పెట్టాను. తరవాత గింజల బూడిద నీళ్లలో వంచాను. కాసేపటికి నీళ్ల మీద తెల్లటి పురుగులు తేలాయి. పన్నెండు. వేడికి గింజ పగిలి లోపలి మొలక వంకర తిరిగి బయటికి వస్తుంది, అంతే. నోరే లేని కుంపటికి పన్నెండు పురుగులు! ఆ గిన్నె తీసుకెళ్లి మామకు చూపించాను.

“మామా, మా కుంపటికి పళ్లు పుచ్చినయ్యి. మిలిటరీలో తీసుకుంటారా?”

ఆయన చానాసేపు చూసి, “ఆ కుంపటి ఎవురు వాడారు అంతకు ముందు?” అన్నాడు.

నేను గిన్నె పారబోసి వచ్చాను.

అయిదో రోజు మా అన్న చలితో వణుకుతుంటే మా అమ్మ మమ్మల్ని రైలెక్కించింది. తెల్లదొరసానుల ఆసుపత్రికి. రైల్లో మా చుట్టూ రెండు బల్లలు ఖాళీ అయ్యాయి. వాసన వల్ల మాకు పడుకోవడానికి చోటు దొరికింది. అదొక్కటే లాభం.

ఆసుపత్రి వరండాలో గోడకు ఒక బొమ్మ తగిలించి ఉంది. ఏసుప్రభువు బొమ్మ అయి ఉంటుందని తలెత్తి చూశాను. కాదు. చీకటి చీకటి రంగుల్లో ఏదో పాతకాలపు దొరల ఊరు. మధ్యలో ఈకల టోపీ పెట్టుకున్నవాడొకడు నిలబడి, కుర్చీలో కూర్చున్న రైతు నోట్లో ఇనప సాధనం పెట్టి లాగుతున్నాడు. రైతు ఒక కాలు గాల్లోకి లేచింది, పిడికిళ్లు బిగిశాయి. టోపీవాడు మాత్రం రైతు వంక చూడటంలేదు. మన వంక చూస్తున్నాడు, ఎట్టా ఉంది నా పని అన్నట్టు. వాడి మెడలో పళ్ల దండ. బల్ల మీద సీసాలు, ముద్రలు వేసిన కాగితాలు. ఒక ముసలమ్మ చేతులు జోడించి నోట్లోకి తొంగి చూస్తోంది. వెనక ఒకడు పక్కవాడి సంచిలోంచి ఏదో లాగుతున్నాడు. ఈగలు గీయలేదు. ఆ చిత్రకారుడికి అంత ధైర్యం లేకపోయి ఉంటుంది, లేదా వాళ్ల దేశం చల్లటిది.

అందరికంటే వెనక, చీకట్లో, ఒక కుర్రవాడు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. వాడి పళ్లన్నీ ఉన్నాయి. నేను ఆ బొమ్మ కింద నుంచి లేచి అవతలి బల్ల మీద కూర్చున్నాను.

డాక్టరమ్మ తెల్లావిడ. తెలుగు బైబిలు చదివి నేర్చుకుందట, అందుకని మాట్లాడితే ఆదివారం గుడిలో ఉన్నట్టుండేది.

“నోరు తెరువుము” అంది. మా అన్న నోరు ఒక వేలి మందానికి మించి తెరుచుకోలేదు. “ఈ కార్యము నీకు ఎవరు చేసిరి?”

“సంతలో ఒక మనుష్యుడమ్మా” అన్నాను నేను. ఆమెతో మాట్లాడితే మనకూ అదే భాష వచ్చేస్తుంది.

“అతడు ఏ పాఠశాలలో నేర్చుకొనెను?”

“పటకారు ఉన్నదమ్మా.”

ఆమె నవ్వలేదు. నర్సు చేత దీపం పట్టించి, సూదిమందు ఇచ్చి, సన్నటి సాధనాలతో పని మొదలుపెట్టింది. చిగురు కోయగానే చీము ఎగిరి ఆమె ముక్కు గుడ్డ మీద పడింది. పచ్చగా, చిక్కగా, గ్లాసులో సగం. దాంట్లో నల్లపొడి ముద్దలు, ఒక పేలిక దారం, కాలినదేదో పుల్లముక్క. ఆ దారం లుంగీదని నేను ప్రమాణం చేయగలను. చివరికి విరిగిన వేరు వచ్చింది, దాంతోపాటు చిన్న ఎముక పలుకు. నేను పళ్లెం పట్టుకుని ఉన్నాను. పళ్లెం వదిలేసి వరండా మెట్ల మీద కక్కుకుని, మళ్లీ వచ్చి పట్టుకున్నాను. ఆ మధ్యలో నర్సు పట్టుకుంది.

అయ్యాక ఆమె చేతులు కడుక్కుంటూ అంది, “రెండు మంచివి పెరికెను. చెడ్డదానిని విరిచి విడిచిపెట్టెను. దవడ బిగిసినది. చింతపుల్లలు పళ్ల మధ్య పెట్టుము. వారమునకు ఒక పుల్ల చొప్పున పెంచుము. మెల్లగా తెరుచుకొనును.”

“ఎన్నాళ్లకమ్మా? అయిదు రోజుల్లో మిలిటరీ సెలక్షన్ ఉంది” అన్నాను.

“అయిదు దినములా? మూడు మాసములు” అంది. నేను గుమ్మంలోంచి వరండా బొమ్మ వంక చూడటం గమనించి, “అది మా తాతల కాలపు చిత్రము. మా దేశములోను ఇట్లే చేసిరి. నవ్వుటకై ఆ చిత్రము వ్రాసిరి” అంది.

“ఎవరు నవ్వారమ్మా?” అని అడిగాను. ఆమె అప్పటికే ఇంకో రోగి దగ్గరకు పోయింది.

వాపు తగ్గింది. జ్వరం పోయింది. సెలక్షన్ రోజు మా అన్న గడ్డం గీసుకుని, నూనె రాసి తల దువ్వుకుని నరసరావుపేట వచ్చాడు. దవడ సంగతి వాళ్లు గమనించకపోవచ్చని ఇద్దరం అనుకున్నాం. పైకి అనుకోలేదు, లోపల అనుకున్నాం. నేను కంచె బయట నిలబడి చూశాను. పరుగులో రెండోవాడుగా వచ్చాడు. ఛాతీ కొలిచిన హవల్దారు టేపు రెండుసార్లు చూసుకుని వాడి భుజం తట్టాడు. వాడు కంచె వంక తిరిగి నాకోసం వెతికాడు. నేను చెయ్యి ఊపాను. ఈసారి జోకు వెయ్యలేదు.

తరవాత డాక్టరు దగ్గర వరస. ఒక్కొక్కడి నోరు తెరిపించి, మూడు వేళ్లు నిలువుగా కలిపి లోపలికి పెట్టి చూస్తున్నాడు. మా అన్న వంతు వచ్చింది. ఒక వేలు పోయింది. రెండోది అతికష్టం మీద. మా అన్న తన రెండు చేతులతో దవడ కిందికి లాక్కున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. డాక్టరు తెలుగువాడు కాదు. ఏదో చెప్పి తల ఊపాడు. పక్కన రాసుకుంటున్న గుమాస్తా తర్జుమా చేశాడు.

“నోరు తెరుచుకోటల్లేదు. తిండెట్టా తింటావు? మానాక ఆర్నెల్లాగి రా.”

“ఆర్నెల్లకి నాకు వయసు దాటుద్ది సార్. పుచ్చు పన్నుందని పీకించుకున్నా సార్. అది లేదిప్పుడు. చూడండి.”

గుమాస్తా కలం ఆపి వాడి మొహంలోకి చూశాడు. “పుచ్చు పన్నుకెవురయ్యా వద్దన్నది? ఈ వరసలో సగం మందికున్నయ్యి. లోపలికి తీసుకున్నాక సర్కారే పూడుత్తది. దాంతోనే రావాల్సింది.”

వెనకవాడు ముందుకు జరిగాడు. మా అన్న వరసలోంచి పక్కకు వచ్చాడు.

తిరుగు రైల్లో వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు.   వాడు ఒక్కటే అన్నాడు, కిటికీలోకి చూస్తూ.

“నేను లేచా గదరా ఆరోజు.”

“ఊఁ.”

అంతకుమించి మేమెప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

ఇంటి ముందు అమ్మ, నాయన, మామ, ఇంకో పదిమంది కాచుకుని ఉన్నారు. నేను సిద్ధపడ్డాను. రెండు పళ్ల సంగతి, లేచి నిలబడిన సంగతి, నేనన్న మాట, అన్నీ బయటికి వస్తాయి. మా అమ్మ చేతిలో అప్పుడే చీపురు కూడా ఉంది.

“ఛాతీ అరంగుళం తగ్గిందంట” అన్నాడు మా అన్న.

మామ ఒప్పుకోలేదు. “ఛాతీ తగ్గటమేంది? నీ ఛాతీయా? ఏడి, ఎవురన్నా తాడు పట్రండి” అని ఎద్దు పలుపుతాడు తెప్పించి వాడి ఛాతీ చుట్టూ చుట్టాడు. మా అన్న ఊపిరంతా వదిలేశాడు. భుజాలు ముందుకు వంచాడు. కడుపు లోపలికి పోయి పక్కటెముకలు బయటికి వచ్చేదాకా వదిలేసి, అలాగే బిగబట్టాడు. హవల్దారు భుజం తట్టిన ఛాతీ అది. తాడు ముడి దగ్గర మామ వేలు పెట్టి, “నిజమేరా... తగ్గింది” అన్నాడు విచారంగా. “పన్ను పీకిచ్చినందుకు కాదుగదా?” అంది మా అమ్మ. “పన్నుకీ ఛాతీకీ ఏందమ్మా సంబంధం?” అన్నాడు వాడు, వదిలిన ఊపిరి ఇంకా తీసుకోకుండానే.

ఛాతీ పెంచే బాధ్యత మా అమ్మ తీసుకుంది. ఇంకో సెలక్షన్ ఈలోపు రాకపోతుందా అని ఆమె ఆశ. నమలలేడు కాబట్టి పచ్చి కోడిగుడ్లు. రోజుకు మూడు. నా వాటా గుడ్డు కూడా వాడికే. తెరుచుకోని నోట్లోకి గ్లాసు వంచితే తెల్లసొన పెదాల మధ్య నుంచి జారి, గడ్డం మీద సాగి, వేలాడి, చొక్కా మీద పడేది. లోపలికి పోయింది గొంతు దిగుతుంటే వాడి మొహం చూడాలి. చూడకూడదు నిజానికి. నేను పక్కన కూర్చుని చింతపుల్లలు చెక్కేవాణ్ణి. వారానికొకటి. చెక్కి, నున్నగా గీకి, వాడి పళ్ల మధ్య నేనే పెట్టేవాణ్ణి. పెట్టిన పుల్లను కడిగేవాణ్ణి. దాని మీద ఉండే జిగట గురించి ఇక చెప్పను. ఇప్పటికే చాలా చెప్పాను.

ఇంకో సెలక్షన్ రాలేదు. వాడికి వయసు దాటిన రోజు పొద్దున నేను కొత్త పుల్ల చెక్కి తీసుకెళ్లాను. వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పుల్లలన్నీ తీసి కింద పారేశాడు.

“మూడు వేళ్లు పడతయ్యేమో చూడు” అన్నాడు.

నేను నా మూడు వేళ్లు కలిపి, ఆ మిలిటరీ డాక్టరు పెట్టినట్టే, నిలువుగా వాడి నోట్లోకి పెట్టాను. పట్టాయి. సుఖంగా పట్టాయి. గుడ్డు వాసన వచ్చింది.

వాడు కొరికాడు. ఆటకు కాదు. నా కళ్లలోకి చూస్తూ, ఎముక తగిలేదాకా కొరికి, అలాగే కాసేపు పట్టుకున్నాడు. నేను వేళ్లు లాక్కోలేదు. లాక్కుంటే చర్మం ఊడేది, అదొక కారణం. వాడు వదిలాక చూసుకుంటే వేళ్లు తడిగా, నీలంగా, రెండు వైపులా వరసగా గంట్లు పడి ఉన్నాయి.

నేను అరిచినట్టున్నాను, వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది. “ఏందిరా ఆ అరుపు?”

“ఏం లేదమ్మా. అన్న నోరు తెరుచుకుంది” అన్నాను.